ఇసుక రేణువు వెంట ఒక సెమిస్టరు: భూమి వ్యవస్థలను, సుస్థిరతను కలిపి బోధించడం ఎలా?

డిగ్రీ, పీజీ తరగతుల్లో పర్యావరణం, భూగోళం, భూగర్భశాస్త్రం చెప్పే అధ్యాపకుల నుంచి నాకు పదే పదే వచ్చే ప్రశ్న ఇది. సిలబస్‌లో శిలావరణం ఒక యూనిట్, జలావరణం ఇంకొకటి, జీవావరణం మరొకటి. చివర్లో, పరీక్షలు దగ్గరపడ్డాక, సుస్థిరాభివృద్ధి. విద్యార్థి నాలుగింటికీ నిర్వచనాలు రాస్తాడు. పెన్నాలో ఇసుక తీస్తే ఒడ్డున ఉన్న బోరులో నీరు ఎందుకు దిగుతుందో అడిగితే మాత్రం చెప్పలేడు. వీటిని కలిపి చెప్పడం ఎలా?

సిలబస్ మార్చనక్కరలేదు, చెప్పే క్రమం మార్చాలి. నాలుగు యూనిట్లనూ ఒకే స్థానిక ప్రశ్న చుట్టూ తిప్పాలి. ఇక్కడ ఇచ్చిన పద్ధతి నెల్లూరు జిల్లాలో పెన్నా నది వెంట, ముప్పై నుంచి నలభై మంది ఉన్న తరగతికి సరిపోతుంది. ప్రకాశం జిల్లా అధ్యాపకులు చేసుకోవలసిన మార్పులు 11వ భాగంలో ఉన్నాయి.

మొత్తం పద్ధతికి ఒకటే నియమం. విద్యార్థి రెండు అంశాల మధ్య బాణం గీస్తే దాని మీద మూడు సంగతులు రాయాలి: ఏది కదులుతోంది, ఎంత, ఎంత కాలంలో. ఈ మూడూ లేని బాణాన్ని లెక్కలోకి తీసుకోకండి. 'అన్నీ ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి' అనే వాక్యాన్ని తరగతిలో ఎవరైనా తలూపి ఒప్పుకుంటారు, దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

## 1. ముందు ప్రశ్నను ఎంచుకోండి

ప్రశ్నకు మూడు లక్షణాలు ఉండాలి. కాలేజీ నుంచి ఒక్క రోజులో వెళ్లివచ్చే చోట దాని ఆధారాలు కనిపించాలి. కనీసం నేల, నీరు, జీవం, మనిషి ఆదాయం అందులో కలవాలి. సమాధానం మీకే పూర్తిగా తెలిసి ఉండకూడదు. మూడో లక్షణాన్ని చాలామంది వదిలేస్తారు. సమాధానం ముందే తెలిసిన ప్రశ్న ఇస్తే విద్యార్థులు మీ ముఖం చూసి జవాబు చెప్తారు.

నెల్లూరులో పనికొచ్చే ప్రశ్నలు కొన్ని:

- పెన్నా మీది సోమశిల జలాశయంలో ఆగిన ఇసుకకు, మైపాడు తీరానికి సంబంధం ఏమిటి?
- ఇందుకూరుపేట వైపు వరి కయ్యలు రొయ్యల గుంటలుగా మారితే పక్క కయ్యలో ఏం జరుగుతుంది?
- 2021 నవంబరులో వాన ఎక్కడ పడింది, వరద ఎక్కడ ముంచింది?

సెమిస్టరుకు ఒక్కటే తీసుకోండి. నేను మొదటిదాన్నే సూచిస్తాను. ఇసుక కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది, జల్లెడ పట్టవచ్చు. ఇసుక వెంట నడిస్తే నీరు, ఉప్పు, పంట, చేప, మనిషి అన్నీ దారిలో ఎదురవుతాయి.

## 2. వ్యవస్థకు సరిహద్దు గీయండి

మొదటి వారంలోనే విద్యార్థుల చేత సరిహద్దు గీయించండి. చాలామంది జిల్లా పటం తీస్తారు. అక్కడే పాఠం మొదలవుతుంది. పెన్నా కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, సుమారు 597 కిలోమీటర్లు ప్రవహించి, ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. నెల్లూరు జిల్లా ఆ ప్రయాణంలో చివరి మజిలీ మాత్రమే. పరీవాహక ప్రాంతం గీయగానే అనంతపురం, కడప పటంలోకి వస్తాయి.

వెంటనే రెండో ఇబ్బంది పెట్టండి. సోమశిలలో ఉన్న నీరంతా పెన్నాదేనా? కాదు. తెలుగుగంగ పథకంలో శ్రీశైలం నుంచి కృష్ణా జలాలు వెలుగోడు, బ్రహ్మంసాగర్ మీదుగా సోమశిలకు, అక్కడి నుంచి కండలేరుకు, చివరికి చెన్నై తాగునీటి కోసం పూండికి చేరతాయి. అంటే మహారాష్ట్రలో కురిసిన వాన నెల్లూరు జిల్లా మీదుగా చెన్నై కుళాయికి వెళ్తోంది. ఇప్పుడు సరిహద్దు ఎక్కడ?

దీనికి ఒకే సరైన జవాబు లేదని చెప్పి, రాయించవలసింది రాయించండి. సరిహద్దు ఎక్కడ గీశామో, ఎందుకు అక్కడే గీశామో, ఏది లోపలికి వస్తోందో, ఏది బయటికి పోతోందో ఒక పేజీలో ఉండాలి. ఈ పేజీ సెమిస్టరంతా గోడ మీద ఉండనివ్వండి. సగం వాదనలు దాని దగ్గరే తేలిపోతాయి.

## 3. తరగతులు మొదలయ్యే ముందు సిద్ధం చేసుకోవలసినవి

కాలం ముఖ్యం. మన జిల్లాకు ఏటా వచ్చే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాల్లో పడుతుంది. తుపానుల కాలం కూడా అదే. క్షేత్ర పర్యటనను జనవరి చివర, ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. వరద కొత్తగా వేసిన మేటలు అప్పటికి చెదరకుండా ఉంటాయి, నీరు తగ్గి ఉంటుంది. నవంబరులో విద్యార్థులను ఏ కారణం చేతా నది గర్భంలోకి దించకండి.

సామగ్రికి పెద్ద ఖర్చు ఉండదు.

సరిచూసుకోండి:

- పెన్ను ఆకారంలో ఉండే విద్యుత్ వాహకత మీటర్లు రెండు (నీటిలో ఉప్పు ఎంతుందో తెలిపేవి), వాటిని సరిచేయడానికి 1413 మైక్రోసీమెన్స్ ప్రామాణిక ద్రావణం ఒక సీసా
- స్వేదన జలం, 100 మిల్లీలీటర్ల కొలపాత్ర, మూతలున్న సీసాలు
- వేర్వేరు కన్నాల జల్లెడలు నాలుగు, భూతద్దాలు, అయస్కాంతం, పాలిథిన్ సంచులు
- సెంటీమీటర్ల గుర్తులు వేసిన ఒకటిన్నర మీటర్ల కర్రలు రెండు, వాటి మధ్య కట్టడానికి అంతే పొడవైన తాడు
- 30 మీటర్ల టేపు, స్టాప్‌వాచ్ (ఫోను చాలు), నాలుగైదు నారింజ పండ్లు
- నిమ్మకాయలు, లేదా ప్రయోగశాల నుంచి పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం
- ప్రథమ చికిత్స పెట్టె, తాగునీరు, టోపీలు, ప్రతి విద్యార్థి ఇంటి ఫోను నంబరు
- కాలేజీ అనుమతి, స్థానిక పోలీసు స్టేషనుకు సమాచారం, బ్యారేజీ దగ్గర ఆగేందుకు జలవనరుల శాఖ అనుమతి

కంప్యూటర్ పని కోసం ఉచితంగా దొరికేవే చాలు. ఇస్రో వారి భువన్, జలవనరుల సమాచారానికి ఇండియా డబ్ల్యుఆర్‌ఐఎస్, పాత చిత్రాలు చూడటానికి గూగుల్ ఎర్త్, పటాలు గీయడానికి క్యూజీఐఎస్. ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి. సెంటినెల్-2 చిత్రాలు 2015 నుంచి, 10 మీటర్ల స్పష్టతతో దొరుకుతాయి. ఒకే ప్రాంతానికి, ఒకే నెలలో తీసిన చిత్రాలను మీరే ముందు దించి పెట్టుకోండి. ఎండాకాలం చిత్రాన్ని వరద కాలం చిత్రంతో పోలిస్తే ఊరు మునిగిపోతున్నట్టు కనిపిస్తుంది.

## 4. మొదటి రెండు తరగతులు: బొమ్మ, బాణాలు

ఉపన్యాసం వద్దు. నలుగురైదుగురితో బృందాలు చేసి, ఒక్కో బృందానికి పెద్ద చార్టు ఇవ్వండి. ప్రశ్న బోర్డు మీద రాసి, తెలిసినంతలో సంబంధాలన్నీ బాణాలుగా గీయమనండి. అరగంట చాలు. చార్టు సాలెగూడులా తయారవుతుంది, తయారవ్వనివ్వండి.

తర్వాత ప్రతి బాణానికీ మూడు సంగతులూ అడగండి. 'ఆనకట్ట నుంచి తీరానికి' అని గీసిన బాణం మీద ఏం రాస్తారు? కదిలేది ఇసుకా, ఒండ్రా, నీరా? నీరైతే గేట్లు ఎత్తాక సముద్రానికి చేరేది రోజుల్లో. ఇసుక రేణువుకైతే అదే దూరం ఎన్నో వరదల పని. ఒకే బాణం మూడుగా చీలిపోతుంది. మొదటి తరగతిలో విద్యార్థికి అందవలసింది ఈ చీలికే.

తెలియని చోట ప్రశ్నార్థకం పెట్టించండి. వాటిని ఎర్ర రంగులో రాయమనండి. ఎర్ర గుర్తుల జాబితానే ఈ సెమిస్టరు పని పట్టిక. చార్టును తేదీతో ఫోటో తీసి దాచండి, 9వ భాగంలో అవసరమవుతుంది.

రెండో తరగతిలో 2021 నవంబరు సంఘటన ఇవ్వండి. వాయుగుండం వల్ల చిత్తూరు, కడప వైపు కొండల్లో భారీ వర్షాలు పడ్డాయి. నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు పెన్నాలో కలుస్తుంది. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో కోవూరు మండలం పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రాకపోకలు ఆగాయి, జాతీయ రహదారి తెగింది. ఈ వరుసను కాలరేఖ మీద పెట్టించి, ప్రతి మెట్టు మధ్య ఎన్ని గంటలు పట్టిందో దినపత్రికల నుంచి, వాతావరణ శాఖ వర్షపాత లెక్కల నుంచి వెతికించండి. గాలి, కొండ, నది, కట్ట, రైలు పట్టా ఒకే గీత మీదకు వస్తాయి. పొర్లుకట్టల పక్కన ఇళ్లున్న విద్యార్థులు తరగతిలో తప్పక ఉంటారు. వారు మాట్లాడతామంటే మాట్లాడనివ్వండి, బలవంతం చేయకండి.

## 5. నిల్వ, రాక, పోక: లెక్క తప్పదు

సైన్సు విద్యార్థులైనా, ఆర్ట్స్ విద్యార్థులైనా గుణకారం చేయగలరు. లెక్క భయపెడుతుందని వదిలేస్తే సుస్థిరత గురించి చెప్పేది మంచి మాటగానే మిగిలిపోతుంది.

నీటితో మొదలుపెట్టండి. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనమీటర్లు. సెకనుకు 11,574 ఘనపుటడుగుల (క్యూసెక్కుల) నీరు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. సోమశిల పూర్తి సామర్థ్యం 78 టీఎంసీలు. ఖాళీ జలాశయంలోకి లక్ష క్యూసెక్కులు వస్తే, గేట్లు మూసి ఉంచితే, నిండడానికి ఎన్ని రోజులు? రోజుకు 8.64 టీఎంసీల చొప్పున తొమ్మిది రోజులు. పదివేల ఎకరాల మీద ఒక టీఎంసీ పరిస్తే ఎంత లోతు? సుమారు 70 సెంటీమీటర్లు. ఈ రెండు లెక్కలూ విద్యార్థి చేతితో చేశాక, ఎడగారు (రెండో) పంటకు నీరిస్తారా లేదా అనే వార్త చదివే తీరే మారుతుంది.

తర్వాత ఇసుక. ఇది ఊహా లెక్క అని బోర్డు మీద స్పష్టంగా రాయండి. ఒక రేవు నుంచి రోజుకు 200 ట్రాక్టర్లు, ట్రాక్టరుకు 3 ఘనమీటర్లు, ఏడాదిలో 300 రోజులు అనుకుందాం. మొత్తం 1,80,000 ఘనమీటర్లు. ఒక కిలోమీటరు పొడవు, 300 మీటర్ల వెడల్పున్న నది గర్భం నుంచి సమంగా తీస్తే ఏడాదికి 60 సెంటీమీటర్లు దిగుతుంది. ఆ సంవత్సరం వరద ఎంత తెచ్చి వేసింది? పైన ఆనకట్ట ఉంటే బరువైన ఇసుకలో ఎక్కువ భాగం జలాశయంలోనే ఆగుతుంది, కాబట్టి ఆ రేవుకు చేరేది ఆనకట్ట దిగువన కలిసే వాగులు తెచ్చిందీ, ఒడ్డు కోసుకుపోగా వచ్చిందీ. రాక కన్నా పోక ఎక్కువైతే నది గర్భం దిగుతుంది. నది మట్టంతో పాటు ఒడ్డున ఉన్న భూగర్భజల మట్టమూ దిగుతుంది. వంతెన స్తంభాల పునాది బయటపడుతుంది. ఎన్నేళ్లకు? ఆ ప్రశ్నకు జవాబు లెక్కలోంచే రావాలి, మీరు చెప్పవద్దు.

మూడోది ఉప్పునీరు. తీరంలో మంచినీరు సముద్రపు నీటి మీద తేలుతూ ఉంటుంది. సాంద్రతల తేడా వల్ల, ఆదర్శ పరిస్థితిలో, సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీటి మట్టం ఉంటే కింద సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరు ఉంటుంది. బోర్లు తోడి మట్టాన్ని అర మీటరు దించితే కింద పోయేది 20 మీటర్లు. ఈ ఒక్క నిష్పత్తి చెప్పి ఐదు నిమిషాలు మౌనంగా ఉండండి. తీర గ్రామాల నుంచి వచ్చిన విద్యార్థులు తమ ఊరి బోర్ల లోతులు వారంతట వారే చెప్పడం మొదలుపెడతారు.

## 6. తిరిగి తగిలే సంబంధాలు

ఫీడ్‌బ్యాక్ అనే మాటను నిర్వచనంతో కాకుండా కయ్యతో చెప్పండి. ఒక రైతు వరి కయ్యను రొయ్యల గుంటగా మారుస్తాడు. గుంటలోని ఉప్పునీరు నేలలోంచి ఊరుతూ పక్క కయ్యలోకి దిగుతుంది. మట్టిని నీటితో తడిపి తీసిన ద్రావణంలో వాహకత సుమారు 3,000 మైక్రోసీమెన్స్ దాటితే వరి దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. రెండు మూడు పంటలు దెబ్బతిన్నాక పక్క రైతు కూడా గుంట తవ్విస్తాడు లేదా కౌలుకిస్తాడు. ఉప్పు ఇంకొక కయ్య దూరం జరుగుతుంది. ఫలితం తిరిగి కారణాన్ని బలపరుస్తోంది. ఇది పెరిగే వలయం.

తగ్గించే వలయానికి నది ముఖద్వారం మంచి ఉదాహరణ. ఎండాకాలం నదిలో ప్రవాహం లేనప్పుడు అలలు ఇసుక తెచ్చి ముఖద్వారాన్ని పూడుస్తాయి. వరద వచ్చి వెనక నీరు పెరిగితే, ఆ ఒత్తిడే దిబ్బను కోసి దారి చేస్తుంది. ఇప్పుడు అడగండి: ఎగువన నీరంతా ఆపేస్తే, వరద రాని సంవత్సరాల్లో ఆ దారి ఏమవుతుంది? లోపలికి వచ్చి పెరిగే చేప పిల్లల సంగతేమిటి? బకింగ్‌హాం కాలువలో, ఉప్పుటేళ్లలో చేపలు పట్టి బతికే యానాది కుటుంబాల సంగతేమిటి?

మూడో అంశం ఆలస్యం. బోర్లు ఆపిన మరునాడే ఉప్పునీరు వెనక్కి పోదు, ఏళ్లు పడుతుంది. ఆలస్యం ఉన్న చోట, నష్టం కనిపించేసరికి దానికి కారణమైన పని ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. సుస్థిరత పాఠంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. దీనికి ఒక పూర్తి తరగతి కేటాయించండి.

## 7. క్షేత్ర పర్యటన: ఎగువ నుంచి దిగువకు

ఉదయం ఆరింటికి బయలుదేరి సంగం బ్యారేజీ, నెల్లూరు బ్యారేజీ, ఇందుకూరుపేట వైపు ఒక పంట కాలువ, బకింగ్‌హాం కాలువ, మైపాడు తీరం. ఈ వరుస మార్చకండి. నీరు నడిచిన దారిలోనే విద్యార్థి నడవాలి. పైగా మన తీరంలో ఉదయం సూర్యుడు సముద్రం వైపు ఉంటాడు. తీరం కొలతకు క్షితిజ రేఖ స్పష్టంగా కనిపించాలి కాబట్టి మధ్యాహ్నం తర్వాతే నయం.

ఇసుక. ప్రతి చోటా అరకిలో నమూనా, పై పొర తీసేసి. సంచి మీద చోటు, తేదీ, బృందం పేరు. అక్కడికక్కడే భూతద్దంతో చూసి రేణువుల అంచులు పదునుగా ఉన్నాయా, అరిగి ఉన్నాయా రాయించండి. సంచి చుట్టిన అయస్కాంతాన్ని ఇసుకలో తిప్పితే నల్లని రేణువులు అంటుకుంటాయి. తీరం ఇసుక మీద ఆమ్లం చుక్క వేస్తే గవ్వల ముక్కలున్న చోట బుడగలు వస్తాయి. నది ఇసుక మీద కూడా వేయించి తేడా చూపించండి. తీరానికి ఇసుక నది ఒక్కటే ఇవ్వదని, ప్రాణులూ ఇస్తాయని అర్థమయ్యేది అక్కడే.

ప్రవాహం. ఇది పంట కాలువలో మాత్రమే, గట్టు మీద నిలబడి. 20 మీటర్లు కొలిచి, నారింజ పండు వదిలి, ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. నీటిలో పండు సగానికి పైగా మునిగి తేలుతుంది కాబట్టి గాలికి కొట్టుకుపోదు. ఉదాహరణకు 40 సెకన్లు పడితే పై పొర వేగం సెకనుకు 0.5 మీటర్లు. అడుగున వేగం తక్కువ, అందుకే 0.85తో గుణించాలి. కాలువ వెడల్పు 6 మీటర్లు, సగటు లోతు 0.8 మీటర్లయితే ప్రవాహం సెకనుకు సుమారు 2 ఘనమీటర్లు, అంటే 72 క్యూసెక్కులు. మూడుసార్లు చేసి సగటు తీయించండి.

ఉప్పు. నది, కాలువ, చేతిపంపు, రొయ్యల గుంటల మురుగు కాలువ, బకింగ్‌హాం కాలువ, సముద్రం. ఆరు చోట్లా వాహకత కొలవండి. ఉదయాన్నే 1413 ద్రావణంతో మీటరు సరిచేయడం మరవకండి. సముద్రపు నీటి వాహకత 50,000 మైక్రోసీమెన్స్ దరిదాపుల్లో ఉంటుంది, చిన్న మీటర్లు అంత దూరం చూపలేవు. 10 మిల్లీలీటర్ల నీటిని స్వేదన జలంతో 100 మిల్లీలీటర్లు చేసి కొలిచి పదితో గుణిస్తే తరగతి అవసరానికి చాలు. బకింగ్‌హాం కాలువ దగ్గర పోటు ఉందా, ఆటు ఉందా తప్పక రాయించండి. అది రాయకపోతే ఆ సంఖ్యకు విలువ లేదు.

తీరం వాలు. రెండు కర్రలను తాడు పొడవున నీటి వైపు వరుసగా నిలబెట్టండి. వెనక ఉన్న విద్యార్థి ముందు కర్ర కొనను క్షితిజ రేఖతో కలిపి చూస్తాడు. ఆ చూపు వెనక కర్రను ఎక్కడ తాకుతుందో చదివితే, కొన నుంచి అక్కడికి ఉన్న దూరమే ఇసుక దిగిన ఎత్తు. రాసుకుని ముందుకు జరగండి. దిబ్బ మీద చెరగని గుర్తు నుంచి మొదలుపెట్టాలి, లేకపోతే వచ్చే ఏడాది పోల్చలేరు.

తీరంలోనే ఇంకొక సంబంధం చెప్పండి. తూర్పు తీరంలో ఇసుక ఒడ్డు వెంబడి కూడా కదులుతుంది. నైరుతి రుతుపవనాల్లో ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల్లో దక్షిణానికి. ఏడాది మొత్తంలో చూస్తే ఉత్తరానికే ఎక్కువ. చెన్నై ఓడరేవు గోడలు కట్టాక దక్షిణాన మెరీనా వెడల్పవడం, ఉత్తరాన రాయపురం తీరం కోతకు గురవడం దీనివల్లే. కృష్ణపట్నం ఓడరేవుకు ఇరువైపులా ఏం జరిగిందో ఉపగ్రహ చిత్రాల్లో విద్యార్థులే కొలవాలి.

భద్రత:

- ఇసుక తవ్విన గుంతలు నీటి కింద కనిపించవు. నదిలో మోకాలి లోతుకు కూడా దిగనివ్వవద్దు.
- ఎగువ నుంచి నీరు వదులుతున్నారేమో ఆ ఉదయం అధికారులను అడిగి తెలుసుకోండి.
- మైపాడులో స్నానాలు వద్దు. పర్యటన ముందు రోజే ఈ మాట గట్టిగా చెప్పండి.
- పదిమందికి ఒక అధ్యాపకుడు. దిగినప్పుడు, ఎక్కినప్పుడు లెక్క.

## 8. ఊరివారితో మాట్లాడే పద్ధతి

ముందుగా తెలిసినవారి ద్వారా కబురు పంపండి. విద్యార్థులు తమ పేరు, కాలేజీ, ఎందుకు వచ్చారో చెప్పి, మాట్లాడటం ఇష్టమేనా అని అడగాలి. ఫోటో, రికార్డింగు అనుమతి లేకుండా వద్దు. నివేదికలో రైతు పేరు రాయకండి, ఊరి పేరు చాలు.

'మీ గుంటల వల్ల పక్క పొలం పాడవుతోంది కదా?' అని అడిగితే సంభాషణ అక్కడే ముగుస్తుంది. అది ప్రశ్న కాదు, నేరారోపణ. 'అన్నా, ఈ కయ్యలో చివరిసారి వరి ఎప్పుడు నాటారు?', 'ఈ బోరు నీళ్లు మొదట్లో తాగేవారా?', 'వలకు ఇప్పుడు ఏ చేపలు పడుతున్నాయి, మీ నాన్నగారి కాలంలో ఏవి పడేవి?' అని అడగమనండి. సంవత్సరం గుర్తులేకపోతే తుపాను గుర్తుంటుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానుకు ముందా, తర్వాతా అని అడిగితే పెద్దవారు సరిగ్గా చెప్తారు.

విన్నదాన్ని కొలతతో పక్కపక్కన పెట్టించండి. రెండూ కలవకపోతే కొలతే సరైనదని తేల్చేయవద్దు. మీటరు ఒక మధ్యాహ్నం చూసింది, ఆయన ముప్పై ఏళ్లు చూశాడు.

## 9. సుస్థిరతను చివరి యూనిట్‌గా వదలకండి

లెక్కలు, కొలతలు చేతికి వచ్చాక మొదటి రోజు దాచిన చార్టు ఫోటోను బయటికి తీసి, అదే బొమ్మను కొత్తగా గీయించండి. ఈసారి ప్రతి నిల్వ దగ్గర మూడు ప్రశ్నలు: రాక కన్నా పోక ఎక్కువగా ఉందా? లాభం ఎవరికి, నష్టం ఎవరికి? నష్టం ఎన్నేళ్లకు కనిపిస్తుంది?

ఆ తర్వాత చర్చ. రొయ్యల సాగు మీద పెట్టాలనుకుంటే విషయం బలంగా ఉంది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులపై, సంప్రదాయ సాగును మినహాయించి, కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో తీర ప్రాంత జలసాగుకు ప్రత్యేక చట్టం, ప్రాధికార సంస్థ వచ్చాయి. 2009లో వనామి రొయ్య రకానికి అనుమతి వచ్చింది. మూడు తేదీలకు ముందు, తర్వాత ఉపగ్రహ చిత్రాల్లో గుంటల విస్తీర్ణం కొలిస్తే, చట్టం నేల మీద ఎంత మార్పు తెచ్చిందో తెలుస్తుంది.

చర్చలో పాత్రలు పంచండి: గుంట యజమాని, కౌలు రైతు, మత్స్యకార మహిళ, జలవనరుల ఇంజినీరు, చెన్నై నీటి వినియోగదారు. రొయ్యల కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థికి వరి రైతు పాత్ర ఇవ్వండి, వరి కుటుంబం వారికి గుంట పాత్ర. ప్రతి వాదనా తరగతి సేకరించిన ఒక సంఖ్యతో మొదలవ్వాలి.

ఇక్కడ నా అభిప్రాయం దాచను. రొయ్య తప్పు, వరి ఒప్పు అని తేల్చి పంపితే మనం పాఠం చెప్పనట్టే. వరికి పోసే నీరెంతో కూడా 5వ భాగంలో లెక్క వేశారు కదా. రెండింటినీ అదే కొలతతో చూడటం నేర్పాలి.

## 10. మార్కులు, తరచు ఎదురయ్యే ఇబ్బందులు

అంతర్గత మార్కులకు పొడవైన నివేదిక అడగకండి, నకలు వస్తుంది. మొదటి చార్టు, చివరి చార్టు, రెండింటి మధ్య ఏ బాణాలు మారాయో రెండు పేజీల వివరణ, ఒక్కో విద్యార్థికి ఐదు నిమిషాల మౌఖిక పరీక్ష. మౌఖికంలో ఒక్క బాణం మీద వేలు పెట్టి 'దీనికి ఆధారం ఏమిటి?' అని అడిగితే చాలు. తీసేసిన బాణానికి కూడా మార్కులు ఇవ్వండి, కొత్తగా గీసినదానికి ఇచ్చినట్టే.

*బొమ్మ మరీ చిక్కుగా ఉంది.* పది అంశాలకు మించకుండా మళ్లీ గీయించండి. ఏది వదిలారో, ఎందుకో రాయాలి.

*ప్రతిదానికీ 'వాతావరణ మార్పు' అని రాస్తున్నారు.* సముద్ర మట్టమా, వాన తీవ్రతా, ఉష్ణోగ్రతా? ఒకటి ఎంచుకోమని, అది స్థానికంగా ఏ నిల్వను తాకుతుందో అడగండి.

*రెండు బృందాల సంఖ్యలు కలవలేదు.* చెరిపివేయనివ్వకండి. మీటరు సరిచేశారా, పోటు సమయమా, సీసా కడిగారా అని వెతికించండి. ఆ వెతుకులాటకు ఒక గంట పెట్టినా నష్టం లేదు.

*బస్సుకు డబ్బు లేదు.* కాలేజీ పక్కనున్న చెరువుతో అన్నీ చేయవచ్చు. తూము దగ్గర ప్రవాహం, కలుజు దగ్గర మిగులు, ఆయకట్టులో నేల, కట్ట కింద బావి. డిగ్రీ విద్యార్థుల సామాజిక సేవా ప్రాజెక్టులో కలిపితే వారి సొంత ఊళ్ల నుంచే కొలతలు వస్తాయి.

*ప్రిన్సిపాల్ గారు సిలబస్ పూర్తవుతుందా అంటున్నారు.* ప్రతి పనికీ ఎదురుగా యూనిట్ సంఖ్య రాసిన ఒక పేజీ పట్టిక ముందే ఇచ్చి ఉంచండి.

## 11. ప్రకాశం జిల్లాలో అయితే

ఒంగోలు చుట్టుపక్కల వారికి గుండ్లకమ్మ సరిపోతుంది. నల్లమలలో పుట్టిన నది, దాని మీదే ప్రాచీనమైన కంభం చెరువు, కింద మల్లవరం దగ్గర జలాశయం, చివర్లో సముద్రం. ఇసుక ప్రశ్న యథాతథంగా పనిచేస్తుంది.

పశ్చిమాన, కనిగిరి వైపు, ఇసుక కన్నా ఫ్లోరైడ్ మంచి ప్రశ్న. శిలలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి, నీటి నుంచి ఎముకలోకి. వాన తక్కువ, ఆవిరయ్యేది ఎక్కువ. నీటిలో కాల్షియం తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉన్న చోట ఫ్లోరైడ్ మరింత కరుగుతుంది. మట్టం దిగినకొద్దీ లోతైన బోర్లు వేస్తారు, లోతున నీరు రాతితో ఎక్కువ కాలం కలిసి ఉంటుంది. బోరు లోతు, ఫ్లోరైడ్ మోతాదు రెండింటినీ గ్రాఫుగా గీయించి సంబంధం ఉందో లేదో చూడనివ్వండి. తాగునీటిలో భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు. పరీక్ష కిట్లు గ్రామీణ నీటి సరఫరా శాఖ దగ్గర అడగండి. ఫలితాలను ఆ ఊరి వారికి చెప్పే ముందు శాఖ ప్రయోగశాలలో సరిచూపించాలి, ఎందుకంటే ఒక తప్పు సంఖ్య ఒక వీధి మొత్తాన్ని భయపెడుతుంది, లేదా భయపడవలసిన వీధిని నిశ్చింతగా ఉంచుతుంది.

చీమకుర్తి గ్రానైట్ క్వారీలు దగ్గరలో ఉన్నాయని తరగతిని నేరుగా లోపలికి తీసుకెళ్లకండి. యాజమాన్యం అనుమతి, పేలుళ్ల వేళలు, హెల్మెట్లు లేకుండా అది సాధ్యం కాదు. గుట్టలుగా పోసిన వ్యర్థ రాయిని, వాన నీరు నిలిచిన పాత గుంతలను ఉపగ్రహ చిత్రాల్లో కొలిపించినా సరిపోతుంది.

## 12. వచ్చే బ్యాచ్‌కు అప్పగించవలసినవి

కొలతలన్నీ ఒకే పట్టికలో ఉండాలి: తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలు, పోటు లేదా ఆటు, మీటరు నంబరు, కొలిచిన బృందం, విలువ. తీరం వాలు మొదలుపెట్టిన గుర్తు ఫోటో దానికి జతచేయండి. ఇసుక సంచుల నుంచి వంద గ్రాముల చొప్పున సీసాల్లో పోసి విభాగంలో దాచండి. సరిహద్దు పేజీ, చివరి చార్టులు, మిగిలిపోయిన ఎర్ర ప్రశ్నల జాబితా ఒక ఫైలులో పెట్టండి. వచ్చే ఏడాది తరగతి ఆ ఎర్ర జాబితాతో మొదలవ్వాలి, ఖాళీ చార్టుతో కాదు.